వడియాల మీద పసుపు చుక్కలు

ప్రశ్న వేసిన మనిషిని ఉత్త చేతులతో పంపించడం మా ఇంటావంటా లేదు. మా నాన్న అంతే, మా మేనత్త అంతే, నేనూ అంతే. కాకపోతే వాళ్ళిద్దరూ తమకు తెలిసినవాటికే జవాబు చెప్పేవారు. నేను ఆ హద్దు పెట్టుకోలేదు.

శంషాబాద్‌లో మేము అద్దెకు దిగిన సందులో బీయస్సీ చదివిన ఆడమనిషిని నేనొక్కదాన్నే. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం. చదివి పాతికేళ్ళు దాటింది. చదివినదాంట్లో సగం మర్చిపోయాను, మిగతా సగం అప్పట్లోనే అర్థం కాలేదు. ఈ సంగతి సందులో ఎవరికీ తెలియదు కాబట్టి పొద్దు వాలేసరికి మా మెట్ల మీద కొలువు తీరేది. చందమామ పగలు కూడా ఎందుకు కనిపిస్తాడు, బల్లి గోడ మీంచి ఎందుకు జారిపడదు, ఉల్లిపాయ కోస్తే కన్నీళ్ళెందుకు, సముద్రంలో ఉప్పు ఎవరు కలిపారు. అన్నిటికీ నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. గొంతు తగ్గించకుండా, చూపు పక్కకు తిప్పకుండా చెబితే ఏ జవాబైనా నిజంలాగే వినిపిస్తుంది. మధ్యలో ఆమ్లం అనో పీడనం అనో ఒక మాట పడేస్తే ఇక తిరుగులేదు. బల్లి విషయంలో నేను చెప్పింది తప్పని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటికే నా జవాబు మా సందు దాటి, రాజేంద్రనగర్‌లో ఎవరి ఇంట్లోనో పిల్లలకు పాఠమై కూర్చుంది. దాన్ని వెనక్కి పిలవడం నా వల్ల కాలేదు.

అందరికంటే ఎక్కువ ప్రశ్నలు పక్కింటామెవి. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. తరతరాలుగా ఆ చుట్టుపక్కల వ్యవసాయం చేసుకున్న కుటుంబం. వాళ్ళ జొన్నచేను విమానాశ్రయంలో పోయింది. విమానం లేచిన చప్పుడు వినబడితే చాలు, "మా చేన్లకెంచే ఉరుకుతయి గవి" అనేది, ఎవరివో గేదెలు పడి మేస్తున్నట్టు. అందుకే విమానాల గురించి ఎంత చిన్న సంగతైనా తెలుసుకునే హక్కు తనకుందని ఆమె లెక్క. నాకూ అది న్యాయంగానే తోచేది. చేను తనది, జవాబు నాది.

చేను పోయాక ఆమె డాబా మీద పంట వేసింది. శివరాత్రి వెళ్ళి ఎండ చురుక్కుమనగానే తెల్లవారకముందే లేచి, పెద్ద గిన్నెలో పిండి ఉడికించి, పాత పంచెలు పరిచి, గరిటెతో బొట్లు బొట్లుగా వడియాలు పెట్టేది. బియ్యప్పిండివి, సగ్గుబియ్యంవి, గుమ్మడికాయవి. సందులో అన్ని ఇళ్ళకూ ఆమెవే. అన్నిటికంటే పెద్ద బేరం మాత్రం చౌరస్తా దగ్గరి భోజనాల మెస్సు. విమానాల కోసం కాచుకుని ఉండే క్యాబు డ్రైవర్లందరూ అక్కడే తినేవారు. పప్పన్నం పక్కన వేయించిన వడియం లేకపోతే వాళ్ళు పళ్ళెం దగ్గరే గొడవకు దిగేవారట. ఆ ఎండలు ఉన్నన్నాళ్ళే ఆమె సంపాదన. కూతురి కాలేజీ చదువు ఆ డాబా మీదే ఆరేది.

ఒక సాయంత్రం మెట్ల మీద చింతపండు పిక్కలు తీస్తూ ఆమె ఒక ప్రశ్న వేసింది. చాలా రోజుల నుంచి మనసులో పెట్టుకుని అడగడానికి సిగ్గుపడిందట.

"అక్కా, గంతమంది గంతసేపు పైన కూసుంటరు గద. దొడ్డికొస్తె ఏడ పోతరు? పోయింది ఏడ పడతది?"

నేను అప్పటిదాకా విమానం ఎక్కలేదు. విమానాలతో నా పరిచయమంతా బట్టల తీగ దగ్గర నిలబడి మెడ ఎత్తి చూసినంత. మా ఆయన మాత్రం విమానాశ్రయం లోపలే సరుకుల ఆఫీసులో పని చేసేవారు. విమానాలు ఆయన ముక్కు ముందే రోజంతా వచ్చిపోయేవి. ఆయన్ని అడిగి తెలుసుకుందామని నాకు తోచలేదు. ఇంట్లో ఆయనకు చెప్పే అలవాటే తప్ప అడిగే అలవాటు నాకు లేదు.

రైల్లో అయితే పట్టాల మీద పడుతుంది కదా, ఇదీ అంతే, ఆకాశంలో వదిలేస్తారు అన్నాను. కాకపోతే అంత ఎత్తు నుంచి కిందికి వచ్చేలోపల గాలి రాపిడికి, పీడనానికి ఆవిరైపోతుంది అన్నాను. పీడనం అనే మాట దగ్గర కాస్త ఆగాను కూడా, అందరికీ బాగా ఇంకాలని. ఆమె చింతపండు పక్కన పెట్టి ఆలోచించింది.

"జరంత గూడ పడదా అక్కా?"

"ఒక్క చుక్క పడదు" అన్నాను.

వారం తిరక్కుండానే చుక్కలు పడ్డాయి.

ఆమె పిలిస్తే డాబా మీదికి వెళ్ళాను. ముందురోజు పెట్టిన సగ్గుబియ్యం వడియాలు అద్దాల్లా మెరుస్తున్నాయి. వాటి మీద, పంచె మీద, పిట్టగోడ మీద పసుపుపచ్చటి చుక్కలు. కొన్ని ఆవగింజంత, కొన్ని కందిబద్దంత. కొన్ని గుండ్రంగా ఉన్నాయి, కొన్ని జారి తోక సాగాయి. ఆమె చుక్కల వంక చూసింది, నా వంక చూసింది, తర్వాత తలెత్తింది. సరిగ్గా అప్పుడే ఒక విమానం మా డాబాల మీదుగా లేచి, పొట్ట చూపిస్తూ పోయింది. ఎదురింటి డాబా మీద బట్టలు తీస్తున్నావిడ ఊరుకోలేదు. ఆవిడ మా కోస్తా వైపు మనిషే, పెద్ద మర్యాదస్తురాలు.

"ఆవిరి కాలేదనుకుంటానండీ" అంది.

సాయంత్రానికి సందంతా తెలిసింది. నా జవాబులో రెండు ముక్కలున్నాయి. విమానం వదిలేస్తుందన్నది ఒకటి, ఆవిరైపోతుందన్నది రెండోది. సందు మొదటిదాన్ని ఉంచుకుని రెండోదాన్ని పారేసింది. పైగా దానికి నా డిగ్రీ తగిలించింది. బీయస్సీ చదివినావిడే చెప్పిందట, పైనుంచి వదులుతారట. వడియాలు కావాలన్నవాళ్ళందరూ ఒక్కొక్కరే వద్దన్నారు. ఒకావిడ ఇంట్లో ఉన్నవి కూడా తిరిగి తెచ్చి పక్కింటి గుమ్మం దగ్గర పెట్టి పోయింది. మర్నాటికి మెస్సు నడిపే పెద్దమనిషి కూడా కబురు పంపాడు, ఈ సంగతేందో తేలేదాకా వడియాలు తేవద్దని. పక్కింటామె ఆ డాబాడు వడియాలూ ఒక బస్తాలో కట్టి బయట పారేసింది. నన్ను తిట్టినా బాగుండేది, నేనూ రెండు అనేదాన్ని.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన ముందు ఈ గోడంతా వెళ్ళబోసుకున్నాను. ఆయన మజ్జిగ కలుపుకుంటూ, పైనుంచి ఎవరూ ఏమీ వదలరన్నారు. విమానంలోనే ట్యాంకు ఉంటుందట. దిగాక ఒక బండి వచ్చి గొట్టం తగిలించి లాగేస్తుందట. వాళ్ళ ఆఫీసు కిటికీలోంచి రోజూ కనిపిస్తుందట.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాను.

"నువ్వు అడగలేదుగా" అని ఉప్పు అందుకోమన్నారు.

మర్నాడు మెట్ల మీద ట్యాంకు సంగతి, గొట్టం సంగతి చాటింపు వేశాను. మొట్టమొదటిసారి అచ్చమైన నిజం చెబుతున్నాను, అదీ కంటితో చూసిన మనిషి చెప్పింది. ఒక్కరూ నమ్మలేదు. ఎదురింటావిడ నవ్వి, "పాపం ఆయన అక్కడ ఉద్యోగం చేస్తున్నారు కదండీ, అలాగే చెప్పాలి మరి" అంది. ఆవిరి కబురు చెప్పినప్పుడు కిక్కురుమనకుండా విన్నవాళ్ళు, నిజం దగ్గరికొచ్చేసరికి సాక్ష్యం అడిగారు.

పక్కింటామె అందరూ లేచిపోయేదాకా ఆగింది.

"ఇమానం గాదంటున్నవు. మంచిది. మరి గదేందో నువ్వే తేల్చు అక్కా. జల్ది తేల్చు. ఎండలు పోతె నా సాలంత సంపాదన పోయినట్టే."

తేలుస్తాను అన్నాను. విజ్ఞానశాస్త్రం మీద ప్రేమతో అనలేదు. నా పరువు ఆ డాబా మీద మచ్చలుపడి ఉంది, దాన్ని ఉతికి ఆరేసుకోవాలి.

రోజూ మధ్యాహ్నం అన్నం తిని వాళ్ళ డాబా ఎక్కేదాన్ని. మా ఆయన తెల్లపంచె ఒకటి పరిచి, గొడుగు వేసుకుని, పీట మీద కూర్చునేదాన్ని. పక్కనే చెంబుతో నీళ్ళు. ఆ ఎండకు ఏ వయసులో ఉన్న ఆడమనిషైనా డాబా మీద గొడుగేసుకుని ఆకాశం వంక చూస్తూ కూర్చుంటే సందు ఏమనుకుంటుందో ఊహించుకోవచ్చు. ఆ మాటలు నాకు వినబడ్డాయి కూడా. ఊహించుకోవలసిన పని లేకపోయింది.

ఆ వారంలోనే గాలి తిరిగింది. మా దగ్గర గాలి తిరిగితే విమానాలూ తిరుగుతాయి. ఎప్పుడూ ఎదురుగాలిలోకే లేస్తాయి కాబట్టి కొన్నాళ్ళు ఇటు నుంచి, కొన్నాళ్ళు అటు నుంచి. ఇది నేను కల్పించింది కాదు, మా ఆయన్ని అడిగి తెలుసుకున్నది. అడగడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాను. ఆ రెండు మూడు రోజులూ మా డాబాల మీదుగా ఒక్క విమానం లేవలేదు. దిగేవాటి దారి ఎలాగూ మా సందు మీదుగా కాదు. పంచె మీద చుక్కలు మాత్రం పడ్డాయి.

పంచె చుట్టి చంకలో పెట్టుకుని కిందికి పరిగెత్తి, ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి చెప్పాను. విమానాలు ఇటు రానేలేదు, చుక్కలు పడ్డాయి, ఇప్పుడేమంటారు అని. ఆవిడ "అంతకుముందు వదిలినవి పైన గాలిలో ఆగి, ఇప్పుడు పడుతున్నాయేమోనండీ" అంది.

గొంతు తగ్గలేదు, చూపు పక్కకు పోలేదు. ఆ జవాబు అచ్చం నా జవాబులాగే ఉంది.

సందు మొదట్లో సగంలో ఆగిపోయిన ఒక అపార్టుమెంటు ఉండేది. పైన పెద్ద నీళ్ళ ట్యాంకు మాత్రం కట్టి వదిలేశారు. ఆ నీడలో క్యాబులు నిలిపి డ్రైవర్లు కునుకు తీసేవారు. పాలప్యాకెట్ కోసం వెళుతూ చూశాను, ఒకతను తెల్లటి కారు పైకప్పు గుడ్డతో రుద్దుతూ ఏదో చెట్టును బూతులు తిడుతున్నాడు. కారు నిండా పసుపు చుక్కలు. ఇక్కడ చెట్టేదయ్యా అని చుట్టూ చూసి, లేకపోయేసరికి తల పైకెత్తాను. ట్యాంకు అడుగున, తడిపి ఆరేసిన నల్ల గోనెల్లా పెద్ద పెద్ద తేనెపట్లు వేలాడుతున్నాయి.

ఆ సాయంత్రం డాబా మీద నుంచి కదల్లేదు. ఎండ మెత్తబడ్డాక ట్యాంకు వైపు నుంచి జుమ్మని ఒక రొద లేచింది. ఆకాశంలో మిరియాలు చల్లినట్టు తేనెటీగలు. పూలెక్కడున్నాయో వెతికే వాలకం కాదు. ఊరికే చుట్లు కొడుతున్నాయి. మెడ ఎత్తి నోరు తెరుచుకుని చూస్తుంటే కళ్ళద్దాల మీద టప్పున ఒకటి పడింది. నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం వల్ల నాకు మేలు జరిగిన సందర్భాలు తక్కువ, అది ఒకటి. కాసేపటికి ఈగలన్నీ బుద్ధిగా వెనక్కి పోయాయి. నా గొడుగు మీద, పంచె మీద పసుపు చుక్కలు మిగిలాయి.

కళ్ళద్దాలు తుడుచుకుంటూ కాలేజీ రోజులు గుర్తు చేసుకున్నాను. మా లెక్చరర్ తేనెటీగల నాట్యం గురించి తెగ చెప్పింది. బల్ల ముందు అటూ ఇటూ ఊగి చూపించింది కూడా. అవి దొడ్డికి ఎక్కడికి వెళతాయో మాత్రం చెప్పలేదు. సిలబస్‌లో లేదు, మేము అడగలేదు. రాజేంద్రనగర్‌లో వ్యవసాయం చదువుతున్న మా అక్క కూతురికి ఫోన్ చేసి, జీవితంలో మొదటిసారి దాన్ని ఒక ప్రశ్న అడిగాను. అది ముందు నా ఆరోగ్యం బాగుందా అని కనుక్కుంది. తర్వాత చెప్పింది. తేనెటీగలు పట్టులో మలవిసర్జన చెయ్యవట. ఈ పెద్ద రకం ఈగలైతే గుంపుగా బయటికి వచ్చి, గాల్లోనే కానిచ్చేసి, మళ్ళీ ఇంటికి పోతాయట. పువ్వుల పుప్పొడి తింటాయి కదా, అరగని పుప్పొడి తొక్కలే ఆ పసుపు రంగట.

ఇక నన్ను పట్టేవాళ్ళెవరు. పంచె జెండాలా పట్టుకుని మర్నాడు పొద్దున్నే పక్కింటికి పరిగెత్తాను. గేటు ముందు మెస్సు పెద్దమనిషి స్కూటరు ఉంది. ఎన్ని కబుర్లు పంపిందో, ఎలా బతిమాలిందో, మొత్తానికి ఆయన్ని ఇంటిదాకా రప్పించుకుంది. గేటు దాటుతుంటే ఆమె మాట వినబడుతూనే ఉంది. డాబా మీద పసుపుకొమ్ములు దంచిందట, గాలికి పొడి లేచిందట, అదే వడియాల మీద చుక్కలుగా పడిందట. ఆయన తలాడిస్తున్నాడు. పసుపైతే మంచిదే కదమ్మా, ముందే చెప్పొద్దా అంటున్నాడు. చుక్కలు పడకముందు ఎండబెట్టి దాచిన వడియాల డబ్బా ఆమె చేతిలో ఉంది, దాన్ని అందుకోవడానికి చెయ్యి కూడా చాపాడు.

"పసుపు కాదు" అన్నాను నేను. "విమానమూ కాదు. తేనెటీగల రెట్ట."

అని పంచె ఆయన ముఖం ముందు విప్పి చూపించాను.

ఆయన పంచె వంక, డబ్బా వంక, ఆమె వంక చూశాడు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఈగలదా?"

"తేనెటీగలది" అన్నాను.

"ఏదైతేంది, రెట్టే గద."

అక్కడితో ఆగి ఉంటే ఏమయ్యేదో తెలియదు. ఆగడం నాకు చేతకాదు. వాదనలో అవతలివాడు ఒక మెట్టు దిగితే నేను నాలుగు మెట్లు దూకుతాను. అలా అంటే తేనె మాత్రం ఏమిటండీ, అదీ ఈగ మింగి మళ్ళీ కక్కినదే కదా, సీసాలో పోసి ఇస్తే నాకడం లేదా అన్నాను. ఆయన ముఖం అదోలా అయిపోయింది. పొట్ట తగ్గడానికి రోజూ పరగడుపున గోరువెచ్చని నీళ్ళలో తేనె కలుపుకుని తాగుతాడని నాకేం తెలుసు. స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఆ పూటకు సందులో వడియాలతో పాటు తేనె సీసాలు కూడా మూలపడ్డాయి.

పక్కింటామె డబ్బా మూత నెమ్మదిగా బిగించింది.

"గదేందో తేల్చుమన్న. తేల్చినవు. గాయిన ముందట చెప్పుమని అన్ననా అక్కా?"

"నిజం నిజమే కదా" అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినబడింది.

"నిజమే. గా నిజాన్ని నేనేం జేసుకోవాలె? ఎండబెట్టుకోవాల్నా?"

అదొక ప్రశ్నే. నేను పంచె మడత పెట్టుకున్నాను.

పట్లకు పొగబెట్టి ఈగల్ని తోలేయిద్దామని ఎదురింటావిడ ఎవరి ద్వారానో కబురు పంపింది. పక్కింటామె కొట్టిపారేసింది. అవి లేస్తే సందంతా దవాఖాన పాలవుతుంది, అప్పుడు నా ఒడియాలు తినడానికి ఎవలుంటరు అంది. గుమ్మంలో కూర్చుని గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఎటో చూస్తోంది. ఆ చూపు వెంట నేనూ చూశాను. మా డాబా తీగ మీద ఉతికి ఆరేసిన మా దోమతెర గాలికి ఊగుతోంది.

"గది డబల్ మంచానిదేనా?"

అవునన్నాను.

"ఇయ్యి" అంది. అడగడం కాదు, వసూలు చేసుకోవడం.

ఇచ్చాను. ఆ రాత్రి మంచం వంక చూసి, మరి మనకి అన్నారు మా ఆయన. ఫ్యాను పెంచుకోండి అన్నాను. శంషాబాద్ దోమలకు ఫ్యాను ఒక లెక్క కాదు. అది వాటికి చల్లగాలి. ఆ వేసవంతా తెల్లారి లేచేసరికి మా ఇద్దరి ముఖాలూ ఎర్రటి బొబ్బలతో ఉండేవి. ఆయన ఆఫీసులో ఏమిటని అడిగితే మా ఆవిడ పరిశోధన అని చెప్పేవారట.

పక్కింటామె డాబా నాలుగు మూలలా కర్రలు నిలిపి, మా దోమతెర పందిరిలా కట్టింది. కింద మళ్ళీ పిండి ఉడికించి వడియాలు పెట్టింది. ఎవరూ కొనరని తేలాక పెట్టడానికి ఎంత గుండె కావాలో నేను మా డాబా మీద నుంచి చూశాను. సాయంత్రం ఈగలు వచ్చాయి, వాటి పని అవి చేసుకుని పోయాయి. చుక్కలన్నీ తెర మీదే. ఆమె రోజూ దాన్ని విప్పి బకెట్లో జాడించి మళ్ళీ కట్టేది. కింద వడియం మీద ఒక్క మచ్చ లేదు. ఎండాక డబ్బా నింపుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"నడువు మెస్సుకు. నువ్వు గూడ రావాలె. నేను చెప్పుమన్నప్పుడే చెప్పు. ఒక్క మాట ఎక్కువైతే ఊకోను."

మెస్సులో అది రద్దీ వేళ. బల్లల నిండా డ్రైవర్లు. పెద్దమనిషి మమ్మల్ని చూసి పప్పు గిన్నె వైపు తిరిగిపోయాడు. ఆమె డబ్బా ఆయన బల్ల మీద పెట్టి, పక్కకు జరిగి నిలబడింది. నేను ఆమె పక్కన. నా చుట్టూ మాటలు, వాటిలో సగం తప్పులు. విమానం కిటికీలు గుండ్రంగా ఎందుకుంటాయో ఒకతను ఇంకొకతనికి చెబుతున్నాడు. తప్పు అని నాకు గట్టి అనుమానం, ఒప్పు మాత్రం నాకూ తెలియదు. పెదవులు బిగించుకుని నిలబడ్డాను. పురిటినొప్పులు ఇంతకంటే నయం.

ఇంతలో గోడ పక్కన తింటున్నతను ఎవరితోనో విసుక్కున్నాడు. ఆ ట్యాంకు కాడ బండి పెడితే చాలు, కడిగిన తెల్లారికి మళ్ళీ మచ్చలు, ఏ చెట్టు జిగురో ఏమో, ఎక్కిన సార్లు బండి గిట్ల ఉందేంది అంటున్నరు, పరేషాన్ అయితుంది అని.

నేను పక్కింటామె వంక చూశాను. ఆమె కళ్ళు మూసుకుని, ఒకసారి తలాడించింది.

చెప్పాను. ఆమ్లం లేకుండా, పీడనం లేకుండా చెప్పాను. ట్యాంకు అడుగున పట్లున్నాయని, ఈగలు ఇల్లు పాడు చేసుకోవని, సాయంత్రం గుంపుగా బయటికొస్తాయని. మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక బల్లలన్నీ దద్దరిల్లాయి. నీ బండి ఈగలకు లెట్రిన్ అయిందట అని ఒకతన్ని అందరూ పట్టుకున్నారు. మా సందులో ఎవరికీ పనికిరాని జవాబు కోసం ఇక్కడ ఇంతమంది వారాల తరబడి గుడ్డలతో రుద్దుకుంటున్నారని నాకేం తెలుసు. మరి తేనె కూడా అదే ఈగది కదా అని ఒకతను మొదలుపెట్టాడు. పక్కింటామె మోచేయి నా డొక్కలో గుచ్చుకుంది. తేనె గురించి నాకేమీ తెలియదన్నాను.

అప్పుడొకతను డబ్బా వైపు గడ్డం ఎత్తాడు.

"ట్యాంకు పక్కనే గద అక్కా మీ ఇల్లు. మరి గీ ఒడియాల మీద పడలేదా?"

బల్లల దగ్గర నవ్వు ఆగింది. పెద్దమనిషి గరిటె పట్టుకుని ఇటు తిరిగాడు. నేను నోరు తెరిచాను. ఆమె నాకంటే ముందే అందుకుంది.

"పడ్డయి. పడ్డయన్ని పారబోసిన. ఇప్పుడు దోమతెర గట్టి ఎండబెడుతున్న. నీ బండికి గూడ ఒకటి కట్టుకో, గీ అక్క ఇస్తది."

ఈసారి పెద్దమనిషి కూడా నవ్వాడు. గోడ పక్కనతను లేచి వచ్చి, మూత తీసి, ఒక పచ్చి వడియాన్ని వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. వేయించు అన్నా, పప్పుల కర్రుమనేది లేక ఎన్ని దినాలాయె అన్నాడు. పెద్దమనిషి వెంటనే ఒప్పుకోలేదు. ఆ దోమతెర తన కళ్ళతో చూస్తేగానీ తీసుకోనన్నాడు. ఆ సాయంత్రమే వచ్చి డాబా ఎక్కాడు. తెర ఎత్తి చూశాడు, వంగి వాసన చూశాడు. ఈగల రొద మొదలవగానే నెత్తి మీద చెయ్యి పెట్టుకుని గబగబా దిగిపోయాడు. పోతూ పోతూ డబ్బా స్కూటరు మీద పెట్టించుకున్నాడు.

మెస్సు తీసుకుందన్నాక సందూ తీసుకుంది. దోమతెర ఒడియాలు అని పేరు కూడా పడింది. అందరికంటే ఆఖరున ఎదురింటావిడ వచ్చి, "ఇవి దోమతెరవేనా అండీ" అని నన్నే అడిగింది, డబ్బా పక్కింటామె చేతిలో ఉన్నా సరే. కూతురి కాలేజీ ఆ ఏడు ఆగలేదు. మా దోమతెర మాత్రం తిరిగి రాలేదు. నేను అడగలేదు, ఆమె ఆ ఊసెత్తలేదు.

ఎండలు పోయే రోజుల్లో ఒక సాయంత్రం ఆమె వేయించిన వడియాలు పళ్ళెంలో పోసుకుని మా మెట్ల మీదికి వచ్చింది. నేను చేతుల మీద దోమకాట్లు గోక్కుంటున్నాను. ట్యాంకు కింద పట్లు కొన్ని ఖాళీ అయ్యాయి. ఆమె అటే చూస్తూ అడిగింది.

"అక్కా, గంత చిన్న ఈగ. ఇంట్ల చేయొద్దని దానికి ఎవలు నేర్పిన్రు?"

నాకు తెలియదన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. "కోపమొచ్చిందా నా మీద? దోమతెర ఇయ్యలేదనా?"

"కోపం కాదు. నిజంగానే తెలియదు."

"నీకు తెల్వకపోవుడేంది. చెప్పబుద్ధి గాక."

అని ముఖం ముడుచుకుని అటు తిరిగి కూర్చుంది. తప్పుడు జవాబులు అన్నీ నమ్మిన మనిషి, ఈ ఒక్కటి నమ్మలేదు. పైన విమానం లేచింది, గాలి మళ్ళీ ఇటు తిరిగినట్టుంది. అది పోయేదాకా ఆగి, మళ్ళీ నా వైపు ఆశగా చూసింది. జవాబు నాలుక చివరికి వచ్చేసింది. రాణీ ఈగ, చిన్నప్పటి శిక్షణ, మధ్యలో ఏదో ఒక ఆమ్లం, అన్నీ వరసగా కూడుకుంటున్నాయి. గబుక్కున పళ్ళెంలోంచి రెండు వడియాలు తీసి నోట్లో కుక్కుకున్నాను. అవి నమిలేలోపల ఆమె ఇంకేదైనా అడిగితే బాగుండుననుకుంటూ.